సంచి బ్రహ్మాండం, శ్రుతి పూజ్యం

రెండు వేల రూపాయలకు ఏమేం వస్తాయో చూడండి. ఒక ఉకులేలే. దాన్ని దాచుకోవడానికి మెత్త కుట్టిన సంచి. భుజానికి తగిలించుకునే పట్టీ. మూడు రంగుల్లో పిక్కులు. అదనంగా ఒక సెట్టు తీగలు. శ్రుతి చూపించే క్లిప్పు. కేపో. తుడుచుకోవడానికి గుడ్డ. అంటించుకోవడానికి స్టిక్కర్లు. వారం రోజుల్లో వాయించడం నేర్పేస్తామనే పుస్తకం, అదీ కాగితం మీద కాదు, ఫోనులో. పైగా గరిష్ఠ చిల్లర ధర 5,999 అని వేసి, దాని నడుం మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద 1,999 అని రాస్తారు. ఆ 5,999 పెట్టి ఈ భూమ్మీద ఎప్పుడైనా ఎవరైనా కొన్నారా అని మాత్రం అడక్కూడదు. అడిగితే నాలుగు వేలు మిగుల్చుకున్నామన్న సంబరం చప్పున చల్లారిపోతుంది.

ఈ జాబితాలో మొదటిది తప్ప మిగతావన్నీ ఉచితమట. వర్తకుడి ధర్మగుణానికి దణ్ణం పెట్టాల్సిందే. నాకున్నది ఒక చిన్న సందేహం. సంచి కుట్టినవాడి కూలి, ఓడ కిరాయి, గోదాము అద్దె, అమ్మిపెట్టిన యాప్ వాళ్ల కమీషను, ఫొటోలో వాద్యాన్ని తలకిందులుగా పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి పారితోషికం, అన్నీ ఆ రెండు వేలలోంచే పోయాక చెక్కకీ మెడ మీది మెట్లకీ తీగలు బిగించే మరలకీ ఎంత మిగిలి ఉంటుంది? కొసరు చూసి అసలు కొనే మన అలవాటు వర్తకుడికి మనకంటే బాగా తెలుసు. అందుకే ఆయన అసలులో కోసి కొసరులో పెడతాడు.

పోనీ ఆ కొసరైనా పనికొస్తుందా? ఉకులేలేని మామూలుగా వేళ్లతో వాయిస్తారు. గట్టి ప్లాస్టిక్ పిక్కుతో ఆ మెత్తటి తీగల్ని గీకితే సంగీతం కంటే టకటకలే ఎక్కువ వినిపిస్తాయి. పట్టీ తగలాలంటే వాద్యానికి బొడిపె ఉండాలి. చవకరకాలు చాలావాటికి అది ఉండదు కాబట్టి పట్టీకే ఒక కొక్కెం పెట్టి, రంధ్రం అంచుకు తగిలించమంటారు. చేతులు వదిలిన మరుక్షణం వాద్యం ముందుకు బోర్లా పడుతుంది. కేపో అనేది పాటని పై శ్రుతిలోకి జరుపుకునేవాడి సాధనం. తీగలన్నీ కలిసి పలికే కార్డు ఇంకా ఒక్కటి కూడా పట్టడం రానివాడు దాన్ని సంచికి క్లిప్పుగా వాడుకోవచ్చు. అదనపు తీగలు మాత్రం గొప్ప దూరదృష్టి. మొదటి సెట్టు ఎంత నాసో రెండోదీ అంతే నాసి కనక, మార్చి చూసినా తేడా రాదు. నేరం తీగలది కాదని కొన్నవాడు తేల్చేసుకుంటాడు. ఇన్నింట్లో నిజంగా అవసరమయ్యేది శ్రుతి చూపించే క్లిప్పు ఒక్కటే. ఆ పని చేసే యాప్ ఫోనులో నిజంగానే ఉచితం.

‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత ఉకులేలే విషయంలో తిట్టు కాదు. లోపల ఖాళీగా ఉంటేనే అది మోగుతుంది. పేచీ అంతా పటారంతోనే. ముఖం మీద డాల్ఫిన్లు, కొబ్బరి చెట్లు, కుంకుతున్న సూర్యుడు, ఒక మందార పువ్వు. పై పలక పలచగా ఉండి తీగతో పాటు అదిరితే నాదం పుడుతుంది. దాని మీద గోడకు సున్నం కొట్టినంత ధారాళంగా రంగు కొట్టి, పైన లక్క పూసి, కింద ఉన్నది చెక్కో అట్టో బ్రహ్మకైనా తెలియకుండా చేస్తే అదింకేం అదురుతుంది?

కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివి నిర్ణయించుకుంటామంటారా, చదవండి. ప్యాకింగ్ సూపర్, తెచ్చిన అబ్బాయి చాలా మర్యాదస్తుడు: ఐదు స్టార్లు. పాప పుట్టినరోజుకి తెప్పించాం, పెట్టె ఇంకా విప్పలేదు, బాగుంటుందనే నమ్మకం: ఐదు స్టార్లు. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంది: ఐదు. మధ్యలో ఎవడో ఒక పాపాత్ముడు మూడో మెట్టు దగ్గర తీగ జుయ్యిమంటోందని రాసి ఒక స్టారు ఇస్తాడు. కింద కంపెనీవారు మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని జవాబు రాస్తారు. వారి చింత అక్కడితో సరి. రైతుబజారులో పావుకిలో వంకాయలకి ఒక్కొక్కటీ తిప్పి పుచ్చు చూసుకునే మనం, చెవితో కొనాల్సిన వస్తువుని కంటితో కొని, ముచ్చికను మెచ్చుకుంటున్నాం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కొత్త నైలాను తీగలు మొదటి కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. మంచి వాద్యమైనా సరే, పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి దిగిపోతుంది. రోజూ బిగిస్తూ పోతే కుదురుకుంటుంది. ఇది లోపం కాదు, తీగల స్వభావం. కానీ శ్రుతి నిలవడం లేదంటూ మర్నాడే మంచి వాద్యాన్ని వెనక్కి పంపేవారు ఉన్నారు. మెట్లు తప్పుగా కోసిన వాద్యాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకునేవారూ ఉన్నారు, సంచి బాగుంది కాబట్టి.

సంచి బాగున్న ఇంట్లో తర్వాత జరిగేది ఇదీ. పిల్లాడు వీడియో పెట్టుకుని సి కార్డు పడతాడు. అది ఒక్క వేలి పని. ఎ తీగని మూడో మెట్టు దగ్గర నొక్కితే చాలు. వీడియోలో నిండుగా పలికిన కార్డు వాడి చేతిలో వంకరగా పలుకుతుంది. వేలు సర్దుకుంటాడు. మళ్లీ శ్రుతి చూసుకుంటాడు. ఖాళీ తీగలు నాలుగూ సరిగ్గానే ఉన్నాయని ఫోను పచ్చదీపం చూపిస్తుంది. నొక్కగానే మళ్లీ అదే వంకర. వేలి కొనలు కందిపోతాయి, తీగలు మెట్లకి అంగుళమంత ఎత్తున ఉన్నాయేమో అనిపిస్తుంది. నెల తిరక్కుండా వాద్యం బీరువా మీదికెక్కుతుంది. అప్పుడు నాన్నగారు తీర్పు చెబుతారు: “వాడికి స్వరజ్ఞానం లేదు.” “మీ ఇంట్లో ఎవరికి ఏడ్చింది గనక,” అని అమ్మగారు దాన్ని పైకోర్టులో ఖాయం చేస్తారు.

అయ్యా, వాడికి స్వరజ్ఞానం ఉంది. ఉంది గనకే వదిలేశాడు. మీకు వినపడనిది వాడికి వినపడింది. చెవి లేనివాడైతే అదే వాద్యాన్ని ఏడాది పొడుగునా ఉత్సాహంగా వాయించి, అపార్ట్‌మెంట్ సంఘం చేత ఏకగ్రీవ తీర్మానం చేయించుకునేవాడు. ఈ డాల్ఫిన్ల సరుకు ఏరి ఏరి దెబ్బ కొట్టేది మంచి చెవి ఉన్న పిల్లల్నే. తప్పు చేసినవాడు గోదాములో హాయిగా ఉంటాడు, శిక్ష తొమ్మిదేళ్లవాడికి పడుతుంది. అదీ యావజ్జీవం. సంగీతం నాకు రాదు అని వాడు అరవై ఏళ్లు వచ్చినా చెప్పుకుంటూనే ఉంటాడు.

ఆ వంకర పలుకు వెనక ఉన్నది చాలా చిన్న లెక్క. తీగ పొడవులో సగం దగ్గర పన్నెండో మెట్టు ఉంటుంది. అక్కడ నొక్కితే ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. అన్నిటికంటే చిన్నదైన సొప్రానో ఉకులేలేకి తీగ పొడవు 13 అంగుళాల పైచిలుకు. గిటారుకి దాదాపు 25. తీగ పొట్టిదైన కొద్దీ తప్పు పెద్దదవుతుంది. పన్నెండో మెట్టు దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే గిటారు మీద అర్ధస్వరంలో ఇరవయ్యో వంతు జారుతుంది, సొప్రానో మీద పదో వంతు జారుతుంది. అంటే చిన్న వాద్యం చేసేవాడు పెద్ద వాద్యం చేసేవాడికి రెట్టింపు జాగ్రత్త పడాలి. బజారు సూత్రం దీనికి సరిగ్గా తలకిందులు: చిన్నదే కదా, పిల్లలదే కదా, ఎలా కోసినా చెల్లుతుంది.

రెండో దోషి నట్. మరల కింద, మెడ మొదట్లో తీగలు ఆనే సన్నని పట్టె అది. దానికి గాట్లు తగినంత లోతుగా కొయ్యాలి. కోయడానికి ఆకురాయి, అనుభవం, కొంచెం సమయం కావాలి. ఈ మూడూ సంచికి ఖర్చయిపోయాయి. గాట్లు పైపైన కోసి వదిలేస్తే తీగ ఎత్తుగా ఉండి, మొదటి మెట్టు దగ్గర నొక్కినప్పుడు సాగుతుంది. సాగిన తీగ స్వరం పెంచుతుంది. నేర్చుకునేవాడు మొదటి ఏడాదంతా బతికేది ఆ మొదటి మూడు మెట్ల మీదే. ఖాళీ తీగకి పచ్చదీపం, నొక్కిన తీగకి అపశ్రుతి అన్న చిదంబర రహస్యం ఇదే.

ఉకులేలే మన వాద్యం కాదు కదా, మనకెందుకీ గోల అనే పెద్దలకు ఒక మాట. వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయిస్తుంటే మాండలిన్ స్వస్థలం ఏదని ఏ సభలోనైనా అడిగారా? వాద్యం ఎవరిదన్నది కాదు, దాన్ని ఎవరైనా విని అమ్ముతున్నారా అన్నదే నా ప్రశ్న. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసమొద్దు తొలిచి వీణ చేస్తారు. దండి, కుండ, అంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. మైనంలో మసి కలిపి, దాని మీద మెట్లు నిలబెట్టి, ఒక్కొక్క స్వరం విని ఒక్కొక్క మెట్టూ జరుపుతారు. మేళం కట్టడమంటే అదే. 24 మెట్లూ ఒక మనిషి చెవిలోంచి వెళ్లాలి. ఏళ్లు గడిచి మైనం సడలితే మళ్లీ కడతారు. రెండు వేల ఉకులేలే ఎవరి చెవిలోంచీ వెళ్లదు. రంపం కోసింది, జిగురు అంటించింది, పెట్టె మూసింది. దాన్ని మొట్టమొదట వినే మనిషి మీ పిల్లాడే.

అయితే బొబ్బిలిని తలుచుకుని మురిసిపోయే అర్హత కూడా మనకు అంతంతమాత్రమే. అక్కడి పనివాళ్ల దగ్గర జనం ఎగబడి కొనేది అద్దాల పెట్టెలో పెట్టిన బొమ్మ వీణలు. మంత్రిగారికి శాలువాతో పాటు ఇవ్వడానికి. మోగని వాద్యాన్ని చూసి ముచ్చటపడటంలో మనకు శిక్షణ బాగానే ఉంది.

ఇక రెండు వేలకి ఇంతకంటే ఏమొస్తుంది అనే వేదాంతులు. తక్కువ ధర అంటే తప్పు శ్రుతి అని ఎవరు రాసిపెట్టారు? ఈ వాద్యం పుట్టుకే పేదది. 1879లో మదీరా దీవి నుంచి రావెన్‌స్‌క్రాగ్ అనే ఓడలో నాలుగు వందలకు పైగా మనుషులు చెరకు తోటల కూలికి హొనొలులూ చేరారు. వాళ్లలో నూనెస్, డయాస్, ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు కొయ్యపనివాళ్లున్నారు. తమ ఊరి మచేతె అనే చిన్న నాలుగు తీగల వాద్యాన్ని చూసి వాళ్లు అక్కడ చేసిందే ఉకులేలే. హవాయి రాజు కలాకౌవా దాన్ని తన కొలువుకి రప్పించుకున్నాడు. అంటే కూలివాడి వాద్యం రాజు దగ్గరికి వెళ్లింది. రాజు దగ్గరికి వెళ్లేంత బాగా కూలివాడు చేశాడు.

అది చెక్క కాలం అంటారా? 1949కి రండి. మారియో మక్కఫెర్రి అని ఇటలీలో పుట్టిన గిటారు శిల్పి. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించిన సెల్మర్ గిటార్ల రూపకర్త ఆయనే. ఆ మహానుభావుడు అమెరికాలో ప్లాస్టిక్‌తో ఉకులేలే పోత పోశాడు. పేరు ఐలాండర్, ధర ఆరు డాలర్ల లోపు. టెలివిజన్‌లో ఆర్థర్ గాడ్‌ఫ్రే ఉకులేలే వాయించి ఊరూరా పిచ్చెక్కించిన రోజులవి. ఐలాండర్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. ప్లాస్టిక్ అని ముక్కు విరిచినవాళ్లు వాయించి చూసి నోరు మూశారు. అచ్చులో మెట్ల కొలతలు ఒక్కసారి సరిగ్గా తీర్చితే ప్రతి ప్రతీ సరిగ్గానే దిగుతుంది కదా. ఆయన కొలతకు ఖర్చు పెట్టాడు, డాల్ఫిన్లకు కాదు. ఇప్పటి యంత్రాలు ఆయన అచ్చుల కంటే సూక్ష్మంగా కోయగలవు. కోయమని చెప్పేవాడు లేడు, అడిగేవాడూ లేడు.

అడగబోతే ఎదురయ్యేది ఇంకో ముఠా. మెట్లెక్కించే ముఠా. మీ దగ్గర రెండు వేలున్నాయని చెప్పండి, రెండున్నర పెడితే కన్సర్ట్ సైజు వస్తుందంటారు. అక్కడికి చేరాక, నాలుగు పెడితే పేరున్న కంపెనీదట. నాలుగు పెట్టేవాడు ఏడు పెడితే పై పలక అసలు చెక్కదట. ఏడంటే పదికి ఎంత దూరం, పదికి మైకు కూడా లోపలే ఉంటుందట. పదివేలు పెట్టేటప్పుడు గిటారే కొనొచ్చుగా అని చివర్న దుకాణంలో ఇంకో మూలకి తీసుకెళ్తారు. ఈ మెట్లు మాత్రం ఒక్కటీ తప్పవు, కొలిచి కట్టినవి. ఇదంతా వీడియోలో నిష్పక్షపాతంగా చెప్పే యువకుడి కింద డిస్క్రిప్షన్‌లో లింకు ఉంటుంది. ఆయన నిష్పక్షపాతం ఎంతటిదంటే వీడియోలో చూపించిన వాద్యాలన్నీ ఆయన దృష్టిలో బిగినర్స్‌కి బెస్టే.

చెక్క పురోహితుల సంగతి వేరు. కోవా తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటారు. కోవా హవాయిలో మాత్రమే పెరిగే తుమ్మజాతి చెట్టు. దాని ధర వింటే రెండు వేలవాడికి నవ్వు రావాలి తప్ప ఏడుపు రాకూడదు. అది కాకపోతే కనీసం సాలిడ్ ఉండాలి, పొరలు అంటించిన లామినేట్ పాపం అంటారు. గాలిలో తేమ సగానికి అటూ ఇటూ నిలకడగా ఉంటే సాలిడ్ చెక్క సుఖంగా ఉంటుంది. కాకినాడలో ఉప్పుగాలి, పక్క గదిలో ఏసీ, మే నెలలో అనంతపురం మామగారిల్లు, ఇదీ మన వాద్యం దినచర్య. చెక్క ఉబ్బుతుంది, ఎండుతుంది, పగులుతుంది. ఎదురు పొరలుగా అంటించిన లామినేట్ వీటికి అంతగా చలించదు. తక్కువ డబ్బులో సాలిడ్ అని రాసినవాడు ఆ మాట కోసం నట్ దగ్గర కోత పెట్టాడని అర్థం చేసుకోండి. కోవా రంగు, మహాగని ఫినిష్ అని రాసి ఉంటే అది రంగు గురించిన సమాచారం, చెట్టు గురించి కాదు.

సైజుల గొడవ రెండు ముక్కల్లో చెబుతా. సొప్రానో, కన్సర్ట్, టెనర్ మూడూ ఒకే శ్రుతి: జి, సి, ఇ, ఎ. వేళ్లు లావైనవాళ్లకి కన్సర్ట్ కాస్త చోటిస్తుంది. అదే డబ్బుకి పెద్దది వస్తోందని బారిటోన్ కొన్నవాడు ధన్యుడు. దాని శ్రుతి డి, జి, బి, ఇ, అంటే గిటారు చివరి నాలుగు తీగలది. వాడు చూసే పాఠం ఒకటి, చేతిలో మోగేది ఇంకోటి.

కాబట్టి దుకాణానికి వెళ్లండి. ఫోనులో శ్రుతి యాప్ తెరవండి. దుకాణదారు వాద్యం అందుకుని ఝల్లుమని ఒక మేళవింపు వాయించి మిమ్మల్ని మైమరపిస్తాడు. ఆయన వేళ్ల నైపుణ్యం పెట్టెలో పెట్టి ఇవ్వడు కనక, మెచ్చుకుని చేతిలోకి తీసుకోండి. నాలుగు తీగలూ శ్రుతి చేయించి, ఒక్కొక్కదాన్నీ ముందు ఖాళీగా, తర్వాత పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటండి. యాప్‌లో అదే అక్షరం రావాలి, ముల్లు మధ్యలో నిలవాలి. తర్వాత ఒకటి, రెండు, మూడు మెట్లు. ముల్లు ఎగిరిపడితే నట్ నేరం. ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా ఒకసారి నొక్కితే ఎక్కడ జుయ్యిమంటుందో బయటపడుతుంది. మెడ పక్కన అరచెయ్యి జార్చండి, మెట్ల కొనలు గీరితే వద్దు. మరలు తిప్పితే మెత్తగా తిరిగి, వదిలితే నిలవాలి. ఇంతా చేస్తుంటే ఆయన “పిల్లలకే కదా సార్” అంటాడు. అవును, పిల్లలకే.

బొమ్మలు లేని, మైకు లేని, మొహం నిండా వినయం ఉన్న లామినేట్ ఒకటి ఈ పరీక్షలో నెగ్గితే రెండు వేలు దానికి పెట్టండి. ఇంకో కొన్ని వందలు మిగిలితే మంచి ఫ్లోరోకార్బన్ తీగలు వేయించండి. నట్ కొంచెం ఎత్తుందనిపిస్తే గిటార్లు బాగుచేసేవాడు గాట్లు దించి పెడతాడు. పాత దుప్పటి ముక్కలో చుట్టుకుంటే సంచి వచ్చింది. బీరువాల మీద పడి ఉన్న పాతవాటిలో కూడా మంచివి ఉంటాయి, ఎవరింట్లోనైనా అడిగి చూడండి, ఇదే పరీక్ష పెట్టి.

వద్దంటే వినకుండా ఫొటో చూసే కొన్నారా? పెట్టె రాగానే అదే పరీక్ష ఇంట్లో చేయండి, గడువు దాటకముందే. తప్పితే వెనక్కి పంపే ఫారం తెరవండి. కారణం అని ఒక వరస ఉంటుంది: విరిగింది, సైజు తేడా, రంగు నచ్చలేదు, మనసు మారింది. శ్రుతి తప్పు అన్నది ఆ వరసలో ఎంత వెతికినా దొరకదు. ఇతర కారణాలు నొక్కి పన్నెండో మెట్టు సంగతి వివరంగా రాస్తే, మీ ఫిర్యాదు పరిశీలనలో ఉందంటారు, ఫొటో పంపమంటారు. అపశ్రుతికి ఫొటో ఎలా తీస్తారని వాదించకండి. రంగు నచ్చలేదని నొక్కండి. మర్నాడు పొద్దున్నే వచ్చి మర్యాదగా తీసుకెళ్తారు.